ఒక్క పొర సందు

సఖినేటిపల్లి రేవులో ఆ పూట
పెడలు రాయైపోయింది.
తొక్కుతున్నాను, తొక్కుతున్నాను,
గోడని తొక్కినట్టుంది.
పంటు ఎక్కే పల్లంలో
నా తెల్ల అంబాసిడరు తనకి తోచినంత దూరం పోయి
మంగాయమ్మ చేపలతట్టకి ఆనుకుని ఆగింది.
సావిడాయిలు నాలుగు వశిష్ఠలోకి జారిపోయాయి,
చచ్చాక మళ్ళీ ఈత.
తిట్లు మాత్రం ఒక్కటీ నీళ్ళపాలు కాలేదు.

"బూస్టరులో పొర చిరిగిపోయిందండి" అన్నాడు జిలానీ.
శివకోడు దాటాక, కాలవగట్టు మీద వాడి షెడ్డు.
బెజవాడ ఆటోనగర్లో
ఎవరి బండి ఒంట్లోంచో తీసిన నల్ల డబ్బా
బస్సు టాపు మీద వచ్చింది.
బిగించాడు. డబ్బులిచ్చాను.

మలికిపురం చేరేసరికి బండి బరువెక్కింది,
వెనకనించి ఎవరో చొక్కా పట్టుకు లాగుతున్నట్టు.
దిగి చక్రం మీద చెయ్యేస్తే
అట్లపెనం.
అప్పుడు తొక్కినా లేని బ్రేకు
ఇప్పుడు తొక్కకుండానే.

"తప్పు నాదేనండి. కొలవలేదు."
మాస్టరు సిలిండరు నట్లు రెండూ విప్పి
పైపులు కదలకుండా ఇవతలికి జరిపాడు,
నిద్రపోయే పిల్లని పక్క మీద జరిపినట్టు.
లోపల చిటికెన వేలంత కడ్డీ.
ఎవరి కారుకో సరిపోయిన పొడుగు,
మా దానికి ఓ మర ఎక్కువ.
నేను కాలు తీసేసినా
అది లోపల నొక్కుతూనే ఉందట.

కాలవ అంచున బంకమన్ను గోరంత గిల్లుకొచ్చి
కడ్డీ కొనకి అంటించాడు.
సిలిండరు ఆనించి మళ్ళీ తీశాడు.
మన్ను చితికిపోయి
నడిమధ్య ఇనుము తెల్లగా తేలింది.
"చూశారా, సందే లేదు."
"ఎంతుండాలేంటి?"
"ఆత్రేయపురం పూతరేకు లేదండీ, అందులో ఒక్క పొర.
అదీ లేకపోతే పట్టేస్తది.
నాలుగు పొరలైతే పెడలు సగం దాకా వట్టిదే."
"కొలిచే పరికరం లేదా?"
"ఉండేదండి. మొన్న వరదలో లంకలు చూడ్డానికెళ్ళింది."

పానాతో కడ్డీ పట్టుకుని
మొనని అరచుట్టు లోపలికి.
మన్ను. ఆనించు. తియ్యి.
పావుచుట్టు.
మన్ను.
ఐదోసారికి నేను చూడ్డం మానేశాను.
కాలవలో గుర్రపుడెక్క
ఏ తొందరా లేకుండా సముద్రం వైపు పోతోంది.
ఏడోసారి
కడ్డీ మొన మీద పొర మిగిలింది.
గోటితో ఒలిచి వెలుతురుకి పట్టి చూశాడు.
నోట్లో వేసుకుంటాడేమో అనుకున్నాను.

జాకీ ఎత్తి చక్రం తిప్పితే
ఆగమని ఎవరూ చెప్పనట్టు తిరిగింది.

"ఇంజను ఆపేసి నాలుగుసార్లు తొక్కండి.
గట్టిపడిందా? కాలలాగే ఉంచి తాళం తిప్పండి."
తిప్పాను.
పెడలు నా పాదం కింద
రెండు వేళ్ళు దిగింది,
ఇరుకు మంచం మీద ఎవరో ఒత్తిగిలి చోటిచ్చినట్టు.

"ఆ డబ్బాలో ఏముంటదిరా?"
"ఏమీ ఉండదండి. ఉన్న గాలి ఇంజను పీల్చేస్తది.
ఆ ఏమీలేనిదే మీ కాలితో పాటు తొక్కుద్ది."
ఇరవై రెండేళ్ళుగా
అది నా తొడబలమే అనుకుంటున్నాను.
వాడికి చెప్పలేదు.

పొద్దువాలాక రేవుకి పోయాను.
పంటు ఇంకా నరసాపురం వైపే ఉంది.
పల్లంలో అదే చోట మంగాయమ్మ
తట్ట బోర్లించి దాని మీద కూర్చుని
చిల్లర లెక్కపెట్టుకుంటోంది.
హారను కొట్టలేదు.
పాదం మోపానంతే, నొక్కలేదు.
బండి ముక్కు కాస్త వంచి ఆగింది.
మధ్యన రెండు బారల నేల.

ఆవిడ తలెత్తలేదు.
నూటపది, నూటఇరవై,
లెక్క తప్పలేదు.
కొంగున ముడేసుకున్నాక అప్పుడంది,
నా వైపు కాదు, బండి వైపు చూసి:

"సావిడాయిలు నాలుగు. మర్చిపోకు."